అన్న నడపని విమానం

మా ఊరివారికి ఆకాశం కంటే పాతాళంతోనే పరిచయం ఎక్కువ. గోదావరిఖనిలో పుట్టి పెరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. రోజుకు మూడుసార్లు సైరన్ మోగుతుంది. మూడుసార్లు మనుషులు భూమిలోకి దిగుతారు; మూడుసార్లు నల్లని ముఖాలతో పైకి వస్తారు. మావారు గనిని గని అనరు, బాయి అంటారు. "మీ నాయన ఏడి?" అని ఎవరైనా అడిగితే, "బాయికి పోయినాడు" అని చెప్పడం మాకు మాటలు వచ్చిననాటి నుండి అలవాటు. అటువంటి ఊరినుండి మా అన్న ఆకాశాన్ని వెదుకుకొంటూ వెళ్ళినాడు. ఆ అన్న మూలంగా పదమూడేండ్ల వయస్సులో నేను ఒక అబద్ధం ఆడినాను. ఆ అబద్ధం మూలంగానే ఒక సత్యం నేర్చుకొన్నాను. ఆ సంగతి మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకొంటున్నాను.

మా నాయనది మానేరు ఒడ్డున ఒక పల్లె. ఉన్న కొద్దిపాటి భూమి అన్నదమ్ములకు చాలక, ఇక్కడ బాయిలు తెరచిన క్రొత్తలో వచ్చి పనిలో చేరినాడు. ఆయన చేసేది టింబరు పని. బొగ్గు తీసినచోట పైకప్పుకు ఆధారం పోతుంది. ఆ కప్పు కూలకుండా దుంగలను కొలతకు కోసి, నేలకూ కప్పుకూ నడుమ బిగించి నిలబెట్టడం ఆయన వంతు. నా స్నేహితుల తండ్రులలో ఒకరు మందు కూరి బొగ్గును పేల్చేవారు. మరికొందరు తట్టా చెమ్మసు పట్టి టబ్బులు నింపేవారు. "మా నాయన నిన్న ఇన్ని టబ్బులు నింపినాడు" అని వారి పిల్లలు గొప్పగా లెక్కలు చెప్పుకొనేవారు. కర్రలు నిలబెట్టేవాని కొడుకునైన నాకు చెప్పుకొనేందుకు ఏ లెక్కా లేదు. మా నాయన నింపిన టబ్బు ఒక్కటీ లేదు. ఆ నామోషీ నా మనస్సులో ముల్లువలె గుచ్చుతూ ఉండేది.

మా అన్న నాకంటె పదేండ్లు పెద్దవాడు. పెద్ద పరీక్ష ప్యాసయిన తరువాత వాయుసేనలో చేరినాడు. అతడు వెళ్ళిన రోజున అమ్మ రామగుండం స్టేషనుదాకా వచ్చి, రైలు కనుమరుగయ్యేవరకు నిలబడి, "ఇంటికి ఒక్కడైనా వెలుతురులో పనిచేస్తాడు" అన్నది. తాంబరంలో అన్నకు విమానాల ఇంజన్లను విప్పి, బాగుచేసి, తిరిగి బిగించే విద్య నేర్పినారు. తరువాత డకోటా అనే విమానాలుండే దళానికి పంపినారు. డకోటా రెండవ ప్రపంచయుద్ధ కాలంనాటి విమానం. ముక్కున ఫిరంగి లేదు, రెక్కల క్రింద బాంబులు లేవు. మనుషులను, మూటలను మోయడమే దాని పని. అన్న ఉత్తరాలలో ఇంజన్ల నూనె వాసన ఉండేది. అవి చదివి అమ్మ సంతోషించేది. నేను మాత్రం పెదవి విరిచేవాడిని. బాయిలో నాయన టబ్బు నింపడు. ఆకాశంలో అన్న విమానం నడపడు. మా ఇంటికి ఇది రాసిపెట్టి ఉన్నదేమో అనుకొనేవాడిని.

1971 డిసెంబరు 3వ తేదీ సాయంత్రం పాకిస్తాను విమానాలు మన పడమటి సరిహద్దులోని విమానక్షేత్రాలపై బాంబులు వేసినవి. యుద్ధం మొదలైనది. ఆ రోజులలో మా వీధిలో రేడియో ఉన్నది ఒక్క టీ హోటలులోనే. బాయి దిగివచ్చినవారు ముఖమైనా కడుగుకోకుండా అక్కడ గుమిగూడి ఆకాశవాణి వార్తలు వినేవారు. నాట్, హంటర్, మిగ్, కాన్‌బెర్రా మొదలైన పేర్లు మా పిల్లల నోళ్ళలో ఆడసాగినవి. అన్నిటికంటె మాకు ఇష్టమైనది నాట్. అంతకుముందే నవంబరు 22న బోయ్రా దగ్గర ఆ చిన్న విమానాలు శత్రువుల సేబర్ విమానాలను కూల్చినవన్న వార్త విన్నాము. డిసెంబరు 14న శ్రీనగరంలో నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ అనే వీరుడు నాట్ విమానంలో పైకెగసి, ఎందరో శత్రువులతో ఒంటరిగా పోరాడి ప్రాణాలర్పించినాడు. ఆయనకు పరమవీరచక్రం ఇచ్చినారు. మన వాయుసేనలో ఆ పతకం పొందినవారు నేటికీ ఆయన ఒక్కరే.

ఒకనాడు బడి వదలిన తరువాత స్నేహితులు నన్ను చుట్టుముట్టినారు. "మీ అన్న వాయుసేనలో ఉన్నాడు కదా! ఏ విమానం నడుపుతాడు?" అని ఒకడు అడిగినాడు. నా నాలుక నన్ను అడగకుండానే "నాట్" అన్నది.

అంతే. మరునాటికి నేను తరగతిలో పెద్దమనిషినైనాను. నాకు బల్లమీద ముందుచోటు దొరికినది. విరామంలో రేగుపండ్లు దొరికినవి. ఒక అబద్ధానికి తోడు మరి నాలుగు అబద్ధాలు కావలసివచ్చినవి. అన్న ఎన్ని విమానాలను కూల్చినదీ నేనే లెక్క చెప్పినాను. నింపని టబ్బుల లెక్క నాకు అప్పటికి దొరికినది. డిసెంబరు 16న యుద్ధం ముగిసినది. నా అబద్ధం మాత్రం ముగియలేదు. అది ప్రధానోపాధ్యాయుల చెవిదాకా పోయినది.

ఫిబ్రవరిలో అన్న సెలవుమీద వచ్చినాడు. ఆ వార్త తెలిసి ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిపించి, "రేపు మధ్యాహ్నం మీ అన్నగారిని బడికి తీసుకొనిరా. యుద్ధవిమానం నడిపిన వీరుణ్ణి మన పిల్లలు కళ్ళారా చూడాలి" అన్నారు. నా కాళ్ళ క్రింద భూమి కదలినట్లయినది.

ఆ రాత్రి అన్నం ముద్ద గొంతు దిగలేదు. నాయన రెండవ షిఫ్టు ముగించుకొని వచ్చి స్నానం చేస్తున్నాడు. అన్న మంచంమీద కూర్చొని ఉన్నాడు. నేను దగ్గరకు పోయి, "అన్నా, రేపు బడిలో నువ్వు నాట్ నడిపినానని చెప్పవా? ఒక్కసారి చెబితే చాలు" అన్నాను. తరువాత ఏడుపు ఆగలేదు. జరిగినదంతా చెప్పినాను.

అన్న కోపించలేదు. చాలాసేపు తన అరచేతులవైపు చూచుకొన్నాడు. ఆ గీతలలో నూనెనలుపు ఎంత కడిగినా పోనంతగా ఇంకిపోయి ఉన్నది. చివరకు మాట్లాడినది నాయన. తల తుడుచుకొంటూ వచ్చి గడపమీద కూర్చొని అన్నాడు: "వాడెందుకట్ల చెప్పినాడో నాకు తెలుసు. నా పని చెప్పుకొనేందుకు కూడా వానికి సిగ్గే."

ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయినాను. ఆ సిగ్గు నేను ఎన్నడూ పైకి చెప్పినది కాదు.

"ఇటు చూడు బిడ్డా," అన్నాడు నాయన. "బాయిలో అందరూ బొగ్గు తవ్వరు. గాలి పంపే ఫ్యాను దగ్గర ఒకడుంటాడు. నీళ్ళు తోడే పంపు దగ్గర ఒకడుంటాడు. సర్దారు మాకంటె ముందుపోయి కట్టెతో కప్పును తట్టి చప్పుడు వింటాడు. ఆయన మంచిదంటేనే మేము అడుగు వేస్తాము. నేను నిలబెట్టిన కర్ర ఊరికే నిలబడదు. పైనుంచి బరువు దిగితే కిర్రుమంటుంది. ఆ కిర్రుమన్న చప్పుడు విని మనుషులు పరుగెత్తి బయటపడతారు. నేను టబ్బులు నింపలేదు, నిజమే. షిఫ్టు అయినంక ఇంటికి మళ్ళినవాళ్ళను లెక్కపెట్టుకుంటాను. నా లెక్క అది."

ఇంత పొడవుగా నాయన మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. అన్న నా భుజంమీద చెయ్యివేసి, "రేపు బడికి వస్తాను తమ్ముడూ. ఏమి చెప్పాలో నువ్వే చెప్పు" అన్నాడు. అదే ఆజ్ఞ, అదే శిక్ష.

మరునాడు బడి ఆవరణలో చెట్టు క్రింద అందరము కూర్చొన్నాము. ప్రధానోపాధ్యాయులు అన్నను పరిచయం చేయబోతూ నోరు తెరచినారు. నేను లేచి నిలబడినాను. మోకాళ్ళు వణకినవి. "అయ్యా, మా అన్న నాట్ నడపలేదు. డకోటా ఇంజన్లు బాగుచేస్తాడు. నేను అబద్ధం చెప్పినాను" అన్నాను. కొందరు నవ్వినారు. ప్రధానోపాధ్యాయులు నవ్వలేదు. నన్ను కాసేపు చూచి, "కూర్చో" అని మాత్రం అన్నారు. అప్పుడు అన్న లేచి నల్లబల్ల దగ్గరకు వెళ్ళి సుద్దముక్క అందుకొన్నాడు.

మొదట ఒక చిన్న విమానాన్ని గీసినాడు. "ఇది నాట్. ఒక రెక్క కొననుండి మరొక రెక్క కొనకు ఏడు మీటర్లైనా లేదు. ఇంత చిన్నది కాబట్టే శత్రువు కంటికి సులభంగా ఆనదు, చురుకుగా తిరుగుతుంది. శత్రువిమానాన్ని ఆకాశంలోనే అడ్డుకోవడం దీని పని. కాని పొట్ట చిన్నది కాబట్టి పట్టే ఇంధనమూ తక్కువే. దూరం పోలేదు, ఎక్కువసేపు ఉండలేదు."

దాని ప్రక్కన ఒక పెద్ద విమానాన్ని గీసినాడు. "ఇది కాన్‌బెర్రా, బాంబరు. బరువు మోస్తుంది, దూరం పోతుంది, చీకటిలో పోయి చీకటిలో తిరిగివస్తుంది. నాట్ వలె గిరుక్కున తిరగడం దీనికి చేతకాదు. ఇదే విమానంలో బాంబులకు బదులు కెమెరాలు పెట్టి, శత్రువుల వంతెనలను, విమానక్షేత్రాలను ఎత్తునుండి ఫోటో తీసేవారున్నారు. దానిని నిఘా విమానమంటారు. మన బాయిలో సర్దారు ముందుపోయి కప్పును తట్టిచూచినట్లే ఇది ముందుపోయి చూచివస్తుంది."

బాయి మాట వినగానే పిల్లలందరూ నిటారుగా కూర్చొన్నారు. అన్న చెప్పుకొంటూ పోయినాడు. రాజస్థానులోని లోంగేవాలా దగ్గర డిసెంబరు 5న తెల్లవారగానే హంటర్ విమానాలు నేలకు దగ్గరగా దిగి శత్రువుల టాంకులను ధ్వంసం చేసినవి. నేలమీది సైన్యానికి ఆకాశంనుండి సాయపడే ఆ పనికే బెంగుళూరులో మనవారు తయారుచేసిన మారుత్‌ను కూడా వాడినారు. తూర్పున మేఘనా నదిపై వంతెన కూలిపోయి ఉంటే, ఎంఐ-4 హెలికాప్టర్లు సైనికులను ఆవలి ఒడ్డుకు చేర్చినవి. రన్‌వే అక్కరలేకుండా నిలుచున్నచోటునుండే లేవడం హెలికాప్టరుకు ఉన్న గొప్ప శక్తి. సముద్రంమీద విక్రాంత్ నౌకనుండి ఎగిరిన అలిజే విమానాలు జలాంతర్గాములకోసం గాలించినవి. వీరందరినీ తయారుచేసిన శిక్షణ విమానాలు యుద్ధానికి దూరంగా తమ పాఠం తాము చెప్పుకొంటూ ఉన్నవి.

"మరి డకోటా ఏమి చేసింది?" అని వెనుకనుండి ఒకడు అడిగినాడు. గొంతులో ఎగతాళి ఉన్నది.

అన్న చిరునవ్వు నవ్వినాడు. "1947 అక్టోబరు 27వ తేదీ ఉదయం శ్రీనగరం చేతులు దాటిపోయే స్థితిలో ఉన్నది. కొండదారిలో సైన్యం నడిచిపోయేంత వ్యవధి లేదు. అప్పుడు ఢిల్లీనుండి సిక్కు దళాన్ని ఎక్కించుకొని పోయి శ్రీనగరంలో దింపినవి డకోటాలే. అవి ఒక్క గుండు పేల్చలేదు. కాని అవి పోకపోతే గుండు పేల్చేవాడు అక్కడ ఉండడు. మొన్న డిసెంబరు 11న టాంగైల్ దగ్గర గొడుగులతో సైనికులు ఆకాశంనుండి దిగినారని విన్నారు కదా! ఆంటొనోవ్-12, ప్యాకెట్ విమానాలతోపాటు డకోటాలు కూడా వారిని మోసినవి."

అప్పుడు మా తరగతిలోని తెలివైన పిల్లవాడు లేచి, "అన్ని పనులూ చేసే విమానం ఒకటే చేయవచ్చు కదా?" అని అడిగినాడు.

"అందరికీ వచ్చే ఆలోచనే" అన్నాడు అన్న. "దూరం పోవాలంటే ఇంధనం మోయాలి. ఇంధనమే బరువు. బరువు పెరిగితే చురుకుతనం తగ్గుతుంది. వేగంకోసం రెక్కలు కురుచ చేస్తే, దిగడానికి పొడవైన రన్‌వే కావాలి. గడ్డినేలమీద దిగాలంటే రెక్కలు వెడల్పుగా ఉండి మెల్లగా ఎగరగలగాలి. ఒకటి సంపాదించాలంటే ఒకటి వదులుకోవాలి. అందుకే ఏ పనికి ఆ విమానం."

చివరగా అన్న చెప్పిన మాట నేను మరచిపోలేదు. విమానం ఎగిరేముందు దానిని పరీక్షించిన పనివాడు ఒక పుస్తకంలో సంతకం చేయాలి. ఆ సంతకం చూచి పైలట్ తానుకూడా సంతకం చేసి విమానాన్ని స్వీకరిస్తాడు. "నా సంతకాన్ని నమ్మి మనుషులు ఆకాశంలోకి పోతారు. వారు దిగివచ్చేదాకా నేను నేలమీద నిలబడి చూస్తుంటాను. మా నాయన చేసేదీ అదే పని" అన్నాడు అన్న. నాయన పేరు బడిలో అందరి ఎదుట వినబడడం అదే మొదటిసారి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కడున్న పిల్లలలో సగంమంది తండ్రులు ఆ క్షణంలో ఏదో ఒక కర్రను నమ్మి భూమిలో ఉన్నారు.

తరువాత నేను ఉపాధ్యాయుణ్ణయినాను. ఈ బొగ్గుబెల్టులోనే పాఠాలు చెప్పి పదవీవిరమణ చేసినాను. విమానాలను గురించి ఏది కనబడినా చదివే అలవాటు మాత్రం పోలేదు. మన తెలుగునేలకూ ఈ విద్యకూ ఉన్న సంబంధం చిన్నది కాదని ఆ చదువువల్ల తెలిసినది. ఈ బొగ్గునేల హైదరాబాదు రాజ్యంలో ఉన్నకాలంలో, 1918లో నిజాము ఇచ్చిన ధనంతో బ్రిటిషు వాయుసేనలో 110వ దళానికి బాంబరు విమానాలు సమకూరినవి. ఆ దళానికి హైదరాబాదు పేరే పెట్టినారు. నేడు మన వాయుసేన అధికారులకు శిక్షణ ఇచ్చే అకాడమీ హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో ఉన్నది. ఆదిభట్లలోని కర్మాగారాలలో అపాచీ యుద్ధ హెలికాప్టరు శరీరభాగమూ, సీ-130 రవాణా విమానపు తోకభాగమూ తయారవుతున్నవి.

ఒకసారి పిల్లలను విశాఖపట్నం తీసుకొనిపోయి, సముద్రతీరంలో నిలిపిన టీయూ-142 విమానాన్ని చూపినాను. అది 1988 నుండి 2017 వరకు మన నౌకాసేనలో పనిచేసినది. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు. గంటలతరబడి సముద్రంపై తిరుగుతూ, నీటిలో శబ్దగ్రాహకాలను జారవిడిచి, జలాంతర్గామి చప్పుడు వినడం దాని పని. "ఇది ఎన్ని విమానాలను కూల్చింది సార్?" అని ఒక పిల్లవాడు అడిగినాడు. నాకు మా టీ హోటలు గుర్తుకు వచ్చినది.

మా అన్నను ఆనాడు అడిగిన ప్రశ్నకు నేడు కొంత మారిన జవాబు చెప్పవలసి ఉన్నది. ఇంజన్లు బలపడినవి, రాడార్లు, కంప్యూటర్లు వచ్చినవి. అందువల్ల సుఖోయ్-30, రాఫెల్ వంటి విమానాలు శత్రువిమానాన్ని ఎదుర్కొనడమూ, నేలపై లక్ష్యాన్ని కొట్టడమూ రెండూ చేయగలవు. మన దేశంలో తయారైన తేజస్ కూడా అట్టిదే. 1963లో వచ్చిన మిగ్-21 ఆరు దశాబ్దాలకు పైగా సేవచేసి 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకొన్నది. అయినా సుఖోయ్ దూరం పోవాలంటే ఆకాశంలోనే దానికి ఇంధనం పోసే ఐఎల్-78 కావాలి. శత్రువు రాకను ముందుగా కనిపెట్టి చెప్పడానికి వీపున రాడారు మోసే నేత్ర విమానం కావాలి. హిమాలయాలమీది సైనికునికి బియ్యం, మందులు చేరవేయడానికి ఏఎన్-32, సీ-17 కావాలి. మనిషి లేకుండా ఎగిరే విమానాలు వచ్చినవి. వాటిని నేలమీదనుండి నడిపే మనిషి కావాలి. పనులు కలసినవి గాని, ఒంటరిగా పనిచేసేది ఏదీ లేదు.

యుద్ధమే విమానానికి గీటురాయి అనుకొనే పిల్లలకు నేను మరొక సంగతి చెప్పుతాను. 2022 జులైలో మా గోదావరి ఉగ్రరూపం దాల్చినప్పుడు, చెన్నూరు దగ్గర సోమన్‌పల్లిలో ఇద్దరు నీటిట్యాంకుపైకి ఎక్కి ప్రాణాలు అరచేత పట్టుకొని కూర్చొన్నారు. వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని పైకి తీసుకొన్నది. మరుసటి సంవత్సరం జులైలో భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగినప్పుడు కూడా హెలికాప్టర్లే వచ్చినవి. అవి ఎవరినీ కూల్చలేదు. ఇంటికి మళ్ళిన మనుషులే వాటి లెక్క.

నాయన ఇప్పుడు లేడు. బాయిలలో కర్ర స్తంభాల స్థానంలో చాలాచోట్ల ఇనుపబోల్టులు వచ్చినవి. అన్న కూడా లేడు. మా ఇంటి గోడమీద అతని ఫోటో ఒకటి ఉన్నది. డకోటా ఇంజను ప్రక్కన చేతులు నల్లగా చేసుకొని నిలుచున్నాడు. ఆ నలుపు బాయినుండి వచ్చిన నాయన చేతులకుండే నలుపువలెనే ఉంటుంది. ఇంటికి వచ్చిన పిల్లలు ఆ ఫోటో చూచి, "ఇది మీ అన్న నడిపిన విమానమా?" అని అడుగుతారు.

"కాదు" అని నేను తృప్తిగా చెప్పుతాను. "ఇది మా అన్న నడపని విమానం. కాని అతని సంతకం లేనిదే అది ఎన్నడూ నేల విడువలేదు."